బాగున్నావా అంటే...

నా ఫైల్లో పాజిటివ్ అనే మాట మొదటిసారి 2013 నవంబరులో వచ్చింది. వెన్నులోంచి కొద్దిగా నీరు తీసి పరీక్షకి పంపారు. కొన్నాళ్లకి వచ్చిన కాగితంలో 'ఒలిగోక్లోనల్ బాండ్స్' అన్నదానికి ఎదురుగా 'పాజిటివ్' అని ఉంది. అమ్మ ఆ ఒక్క మాటే చదివి, కొంగుతో కళ్లు తుడుచుకుని, "హమ్మయ్య, పాజిటివ్ అనే వచ్చిందే" అంది. ఆస్పత్రి భాషలో పాజిటివ్ అంటే వాళ్లు వెతుకుతున్నది దొరికిందని అర్థం. ఆ సంగతి అమ్మకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాసేపటికి డాక్టరుగారే చెప్పారు.

దొరికినదాని పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. పొట్టిగా ఎమ్మెస్. అప్పటికి నాకు ఇరవై ఐదేళ్లు. దానికి నెల ముందు కుడికన్ను మసకబారింది. నొప్పి, కన్ను కదిలిస్తే ఇంకా ఎక్కువ. ఎడమకన్ను మూసుకుని చూస్తే దేవుడి దగ్గర కుంకుమ ఇటుకపొడి రంగులో కనిపించేది. దీపావళికి తెనాలి వెళ్తే అమ్మమ్మ నలుగుపెట్టి, కాగుతున్న నీళ్లతో తలంటు పోసింది. స్నానాల గదిలోంచి బయటికొచ్చేసరికి అప్పటికి కాస్త తేరుకున్న కన్ను మళ్లీ మసకలోకి వెళ్లిపోయింది. ఒళ్లు చల్లబడ్డాక, గంటకో గంటన్నరకో, తిరిగొచ్చింది. దిష్టి తగిలిందని అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పేసింది. 1890లో ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు ఈ సంగతి రాసిపెట్టాడనీ, ఒకప్పుడు ఈ జబ్బుని తేల్చుకోడానికి మనుషుల్ని వేడినీళ్ల తొట్టెలో కూచోబెట్టి చూసేవాళ్లనీ నాకు చాలా తర్వాత తెలిసింది.

జబ్బు ఏమిటో చెప్పడం తేలికే. కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో ఉండే నరాల పోగులకి మైలీన్ అనే తొడుగు ఉంటుంది. బయటినుంచి వచ్చే క్రిముల్ని కొట్టాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరపాటున ఆ తొడుగుని కొడుతుంది. కొట్టిన చోట మచ్చ మిగులుతుంది. అలాంటి మచ్చలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి కాబట్టి ఆ పేరు. పారిస్‌లో సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో షార్కో అనే డాక్టరు 1868లో ఆ మచ్చలకీ, బతికుండగా మనుషులు పడ్డ అవస్థలకీ ముడి వేసి ఈ జబ్బుని స్పష్టంగా వర్ణించాడు. మచ్చ ఎక్కడ పడితే అవస్థ అక్కడ. కన్ను, కాలు, చెయ్యి, మాట, మూత్రం, ఏదైనా కావచ్చు. రేపు ఎక్కడ పడుతుందో, అసలు పడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు.

అలా చెప్పలేని చోటే 'పాజిటివ్‌గా ఉండు' అనే మాట వచ్చి కూచుంటుంది.

ఆ మాట నాతో అననివాళ్లు లేరు. పెదనాన్న అన్నాడు, మందుల షాపతను అన్నాడు, ఆఫీసులో మేనేజరు అన్నాడు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. తప్పు ఎక్కడుందో వెతికి, ఫలానా చోట ఫలానాది పని చెయ్యట్లేదని రాసి పంపడమే పని. ఎంత ముందుగా పట్టుకుంటే అంత మెచ్చుకుంటారు. నా ఒంట్లో ఫలానాది పని చెయ్యట్లేదని అదే మనిషితో చెబితే మాత్రం "అలా నెగటివ్‌గా ఆలోచించకు" అనేవాడు. ఇది వెటకారానికి రాయట్లేదు. అతను మంచివాడు. నా మాటకి ఏం జవాబు చెప్పాలో తెలీక, చేతిలో ఉన్న మాట ఇచ్చాడు. అందరూ అంతే.

నేను పాజిటివ్‌గా ఉండడం నేర్చుకున్నాను. నిజానికి బాగా నేర్చుకున్నాను. ఎవరడిగినా "సూపర్" అనేదాన్ని. రోజుకో గ్రాము చొప్పున ఐదు రోజులు స్టెరాయిడ్ సెలైన్ ఎక్కించాక కన్ను తేరుకుంది. ఏడాదిన్నర తర్వాత ఎడమచేతి వేళ్లు మొద్దుబారాయి, అవీ రెండు నెలల్లో సర్దుకున్నాయి. ప్రతిసారీ నా చుట్టూ ఉన్నవాళ్లు "నీ విల్‌పవరే నిన్ను నిలబెట్టింది" అన్నారు. వినడానికి బాగుండేది. నమ్మేశాను.

ఇక్కడే ఒక మెలిక ఉంది, అది అర్థం చేసుకోడానికి నాకు ఐదేళ్లు పట్టింది. ఎమ్మెస్ ఉన్నవాళ్లలో సుమారు 85 శాతం మందికి ఇది వచ్చిపోయే రకంగానే మొదలవుతుంది. దాడి వస్తుంది, కొన్ని వారాలు ఉంటుంది, వాపు తగ్గుతుంది, నరం పూర్తిగానో కొంతగానో తేరుకుంటుంది. ఆ తేరుకోవడం జబ్బు నడకలోనే ఉంది. స్టెరాయిడ్లు కూడా చేసేది తొందరగా తేరుకునేలా చెయ్యడమే. కంటి నరం వాపు మీద అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 1992లో వచ్చాయి. సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించుకున్నవాళ్లకి చూపు త్వరగా తిరిగొచ్చింది. కానీ కొన్ని నెలలు పోయాక చూస్తే, వాళ్లకీ ఏ మందూ తీసుకోనివాళ్లకీ చూపులో పెద్ద తేడా లేదు. అంటే ఆ ఆరువారాల్లో నేను ఏం చేసి ఉన్నా, ఘనత దానికే దక్కేది. బూడిదగుమ్మడి రసం తాగితే రసానికి. తాయెత్తు కట్టించుకుంటే తాయెత్తుకి. నవ్వుతూ ఉంటే నవ్వుకి. తనంతట తను తగ్గేది తగ్గినప్పుడు పక్కన నిలబడి ఉన్నవాడు దండ వేయించుకుంటాడు. నా విషయంలో పక్కన నిలబడింది నా పాజిటివ్‌నెస్.

దానివల్ల పోయిందేముంది, మనిషి ఉత్సాహంగా ఉంటే మంచిదేగా అనొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను, 2018 దాకా.

ఆ ఏడాది అమ్మ స్నేహితురాలికి తెలిసిన ఒకావిడ ఫోన్ చేసింది. కొడుకు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, వాడికీ ఇదే అని తేలింది. గదిలోంచి బయటికి రావట్లేదట. "నువ్వొచ్చి నాలుగు ధైర్యం మాటలు చెప్పమ్మా. నిన్ను చూస్తే వాడికి నమ్మకం కలుగుతుంది" అంది. కూకట్‌పల్లిలో వాళ్ల ఇంటికి వెళ్లాను. మంచి చీర కట్టుకుని, కాస్త లిప్‌స్టిక్ వేసుకుని మరీ వెళ్లాను. గంటసేపు మాట్లాడాను. "ఐదేళ్లయింది, నన్ను చూడు. ఎవరైనా జబ్బుంది అనుకుంటారా? అంతా మైండ్‌లోనే ఉంది. మనం పాజిటివ్‌గా ఉంటే అది మన జోలికి రాదు" అన్నాను. వాడు మొదటిసారి నవ్వాడు. వాళ్లమ్మ నాకు పసుపూ కుంకుమా జాకెట్టుముక్కా పెట్టి పంపింది. ఆటోలో తిరిగొస్తూ ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ఎనిమిది నెలల తర్వాత ఆవిడే మళ్లీ ఫోన్ చేసింది. వాణ్ణి ఆస్పత్రిలో చేర్చారు. నడుం కిందనుంచి రెండు కాళ్లూ పట్టు తప్పాయి. వెళ్లి చూశాను. అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ వేసుకున్న ప్రతిసారీ జ్వరమొచ్చి ఒళ్లునొప్పులు పుట్టేవి. మైండ్ బాగుంటే చాలు కదా అని రెండు నెలల క్రితం ఇంట్లో చెప్పకుండా మానేశాడు. కుడికాలు తిమ్మిరెక్కడం మొదలై మూడు వారాలైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉందని ఒప్పుకున్నట్టవుతుందని. వాళ్లమ్మ కాఫీకని బయటికి వెళ్లాక వాడు నాతో మెల్లగా, "సారీ అక్కా. పరీక్షలప్పుడు బాగా భయపడ్డాను. అప్పుడే ఎక్కడో నెగటివ్‌గా ఆలోచించి ఉంటాను" అన్నాడు.

వాడు నాకు సారీ చెప్పాడు. కాళ్లు కదలని మనిషి, మంచంమీద పడుకుని, నాకు సారీ చెప్పాడు. నేనిచ్చిన పరీక్షలో తప్పినట్టు.

మందు ఆపకపోయినా ఆ దాడి వచ్చేదేమో, ఎవరూ చెప్పలేరు. మందు వేసుకుంటున్నవాళ్లకీ వస్తాయి, నాకూ వచ్చాయి. ఈ జబ్బు నడకని మార్చే మందుల్లో మొదటిది అమెరికాలో 1993లో అనుమతి పొందింది, తర్వాత ఇంకా గట్టివి వచ్చాయి. వీటన్నిటితో ఒక చిక్కుంది. అవి పనిచేస్తే కనిపించేది ఏమీ ఉండదు. రాకుండా ఆగిన దాడిని ఎవరు చూస్తారు? కనిపించేది జ్వరమూ, నొప్పీ, ఖర్చూ మాత్రమే. అలాంటి మందుని నమ్మి వేసుకోమని ఇరవై రెండేళ్ల కుర్రాడికి చెప్పాల్సిన మనిషిని, నేను వెళ్లి అంతా మైండ్‌లోనే ఉందని చెప్పాను. జబ్బు నావల్ల రాలేదు. ఆ మూడు వారాల మౌనంలో, ఆ 'సారీ'లో మాత్రం నా వాటా ఉంది.

ఆ రాత్రి ఇంటికొచ్చి చాలాసేపు కూచున్నాను. నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది: జబ్బు తగ్గినప్పుడు ఆ గొప్ప నాదైతే, ముదిరినప్పుడు ఆ తప్పు ఎవరిది? పద్దు పుస్తకంలో జమ వైపు ఒక్కటే రాసి ఊరుకోలేం. ఖర్చు వైపు కూడా ఎవరో ఒకరు రాస్తారు. మన ఊళ్లలో పాతకాలంవాళ్లు ఇలాంటి జబ్బొస్తే పూర్వజన్మలో ఏం పాపం చేశాడో అనేవాళ్లు. మనం చదువుకున్నవాళ్లం, ఆ మాట అనం. మన వంతుకి పాజిటివ్, నెగటివ్ అంటాం. కానీ రెండూ ఒకే పద్దు. ఆలోచిస్తే పాతదే కాస్త నయం. పూర్వజన్మలో ఏం చేశానో నాకు గుర్తుండదు, దానికి నన్నెవరూ నిలదీయలేరు. కొత్తదాంట్లో నేరం ఈ జన్మలోనే, పోయిన నెల పరీక్షలప్పుడే జరిగింది.

ఈ మాట నాకంటే ముందు చాలామంది చెప్పారని తర్వాత చదివి తెలుసుకున్నాను. సూసన్ సాంటాగ్ 1978లోనే క్షయ, కేన్సర్ల గురించి రాస్తూ, జబ్బుని మనిషి స్వభావానికి ముడిపెట్టడం రోగి మీదే నేరం మోపడమవుతుందని వాదించింది. బార్బరా ఎహ్రెన్‌రైక్‌కి రొమ్ము కేన్సర్ వచ్చినప్పుడు చుట్టూ కనిపించిన గులాబీరంగు ఉత్సాహం మీద ఒళ్లుమండి 2009లో ఏకంగా ఓ పుస్తకం రాసింది. వాళ్లిద్దర్నీ చదువుతుంటే ఊరటగా ఉంది. అయినా నా ప్రశ్న సగమే తీరింది. పాజిటివ్‌గా ఉండమనడం తప్పైతే, ఆ అబ్బాయి మంచం పక్కన కూచుని ఏమనాలి? అమ్మ ఫోన్ చేస్తే ఏం చెప్పాలి?

ఇంకొకాయన డైరీ దొరికింది. అసలు పేరు బ్రూస్ కమ్మింగ్స్, కలంపేరు బార్బెలియన్. లండన్‌లో ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో పురుగుల మీద పనిచేసేవాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజులు. 1915 నవంబరులో సైన్యంలో చేరేవాళ్లకి చేసే వైద్యపరీక్షకి వెళ్తే, చూపించమని అతని డాక్టరు సీలు వేసిన ఉత్తరం ఇచ్చాడు. అక్కడ ఉత్తరం అక్కర్లేకుండానే పనికిరావని పంపేశారు. తిరిగొస్తూ ఆ ఉత్తరం తనే విప్పి చదువుకున్నాడు. తనకున్నది ఎమ్మెస్ అని అలా తెలిసింది. అప్పటికి పెళ్లై రెండు నెలలు. భార్య భయపడుతుందని ఆమెకి చెప్పలేదు. నెలల తరబడి తనలోనే దాచుకున్నాడు. చివరికి తెలిసిందేమిటంటే, ఆమెకి పెళ్లికి ముందే తెలుసు. తెలిసే చేసుకుంది. అతను భయపడతాడని ఆమె చెప్పలేదు. ఒకే ఇంట్లో ఇద్దరూ, ఒకరి ధైర్యం కోసం ఇంకొకరు, అదే రహస్యాన్ని దాచుకుంటూ బతికారు.

ఆ డైరీ 1919లో హెచ్.జి. వెల్స్ ముందుమాటతో అచ్చయింది. అదే ఏడాది అక్టోబరులో ముప్ఫై ఏళ్ల వయసులో అతను పోయాడు. ఆ పుస్తకంలో పాజిటివ్ మనిషి ఎక్కడా కనపడడు. కోపం ఉంది, పేరు కోసం తహతహ ఉంది, తన మీద తనకి జాలి ఉంది. కానీ పురుగుల్నీ, సముద్రాన్నీ, సంగీతాన్నీ, పసిబిడ్డనీ చూడటం మాత్రం మానలేదు. నా మేనేజరు చదివితే తప్పకుండా నెగటివ్ అంటాడు. నాకు మాత్రం, ఆ పుస్తకం చదివిన వారంలో, నా పక్కన ఇంకో మనిషి కూచున్నట్టుంది. అబద్ధం చెప్పని మనిషి.

ఆ భార్యాభర్తల సంగతి చదివినప్పుడు అమ్మ గుర్తొచ్చింది. నేను 'సూపర్' అనేది ముఖ్యంగా అమ్మతోనే. ఆస్పత్రి నుంచి వచ్చాక, ఇకమీదట అమ్మకి అన్నీ నిజమే చెప్తానని నిర్ణయించుకున్నాను. నిజం కొత్తగా నేర్చుకున్నవాళ్ల ఆవేశం ఎలా ఉంటుందో మీకు తెలుసు. తెనాలినుంచి రోజూ సాయంత్రం ఫోన్ వస్తుంది. "బాగున్నావా?" అంటే, పొద్దుట్నుంచి ఎక్కడ తిమ్మిరి, ఎక్కడ మంట, ఎన్నిసార్లు తూలాను, అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. పది రోజులకి నాన్న చాటుగా ఫోన్ చేశాడు. "మీ అమ్మ అన్నం సరిగ్గా తినట్లేదు. రాత్రిళ్లు లేచి కూచుంటోంది" అన్నాడు. కోపమొచ్చింది. అబద్ధం చెప్పినా తప్పే, నిజం చెప్పినా తప్పేనా?

అమ్మతోనే పోట్లాడాను. అమ్మ నెమ్మదిగా ఒక మాట అంది: "నీ నొప్పులన్నీ చెప్తున్నావు, బానే ఉంది. వాటితో నేనేం చెయ్యాలో చెప్పట్లేదు. నేనిక్కడ కూచుని ఏం చేసుకోను?"

ఆ మాట నాకు బార్బెలియన్ కంటే, సాంటాగ్ కంటే ఎక్కువ పనికొచ్చింది. నేను నిజాన్ని అమ్మ నెత్తిన పోస్తున్నాను, చేతికి ఇవ్వట్లేదు. అబద్ధం అమ్మని దూరం పెడితే, ఈ రకం నిజం ఆమెని నలిపేస్తోంది. ఎదుటివాళ్లు పట్టుకోడానికి వీలున్న నిజం ఏదో వెతకాలి.

మా ఇల్లు రెండో అంతస్తు. పాత అపార్ట్‌మెంటు, లిఫ్టు లేదు. మొత్తం ముప్ఫై ఎనిమిది మెట్లు. ఆఫీసునుంచి వచ్చి ఎన్ని మెట్లు ఆగకుండా ఎక్కగలను అన్నది నా ఒంటికి బాగా నమ్మకమైన కొలత. మంచి రోజున ముప్ఫై ఎనిమిదీ. మేనెలలో, ఎండలో వచ్చిన రోజున, పన్నెండు. వేడికి మచ్చలున్న నరంలో సంకేతం ఆగిపోతుంది, ఆ తలంటు రోజున కంటికి జరిగిందే కాళ్లకీ జరుగుతుంది. అమ్మకి ఈ లెక్క చెప్పాను. అప్పట్నుంచి అమ్మ "బాగున్నావా" అనడం మానేసి "ఇవాళ ఎన్ని?" అంటుంది. పదిహేను కంటే తక్కువ వరసగా నాలుగు రోజులొస్తే డాక్టరుకి ఫోన్ చేశావా అని అడగడం ఆవిడ పని. ఇరవై దాటితే ఆ ఊసే ఎత్తదు, పక్కింటివాళ్ల సంగతులు చెప్తుంది. ఒకసారి, నేను అలసట అనుకుని వదిలేసినదాన్ని, వరసగా నాలుగు రోజులైందని అమ్మే పట్టుకుంది. అది దాడే. తొందరగా వెళ్లాం. ఆ వారం నేను ఏ రకంగానూ పాజిటివ్‌గా లేను. అమ్మా లేదు. ఇద్దరం ఏడ్చాం కూడా. కానీ చెయ్యాల్సింది చేశాం.

తెలుగులో 'ధైర్యం చెప్పడం' అంటాం. నేను ఆ అబ్బాయికి చెప్పింది ధైర్యం కాదు, జోస్యం. 'నీకేం కాదు' అన్నది జోస్యమే. దాన్ని నిలబెట్టడం నా చేతుల్లో లేదు, వాడి చేతుల్లోనూ లేదు. ధైర్యం మాట అలా ఉండదు. 'ఇదీ పరిస్థితి, ఇదీ చెయ్యాల్సిన పని, నేను పక్కనుంటాను' అంటుంది. దానికి రేపటి గురించి నమ్మకం అక్కర్లేదు. జోస్యం తప్పితే ధైర్యం కూడా దాంతోపాటే కూలిపోవడం ఆ మంచం పక్కన చూశాను. అందుకే ఇప్పుడు నేను రెండిటినీ వేరువేరుగా ఉంచుకుంటాను.

ఇంకో ఉదాహరణ చెప్పాలి, ఎందుకంటే చెయ్యాల్సిన పని చాలాసార్లు చూసేవాళ్లకి ఓటమిలా కనిపిస్తుంది. రెండేళ్ల కిందట నేను చేతికర్ర కొనుక్కున్నాను. మడతపెట్టి సంచిలో వేసుకునేది. ఇంట్లో పెద్ద గొడవ. "అప్పుడే కర్రేమిటి, మనసులో నువ్వే ఓడిపోతున్నావు" అంది పిన్ని. వికలాంగ ధ్రువీకరణ పత్రానికి పెట్టుకున్నప్పుడూ ఇంతే. 2016 చట్టం లెక్కలోకి తీసుకున్న ఇరవై ఒక్క వైకల్యాల్లో ఎమ్మెస్ ఒకటి. పత్రానికి పెట్టుకోవడం నా హక్కు. అయినా అది తీసుకోవడం నెగటివ్ అన్నారు. కర్ర లేని రోజుల్లో డిసెంబరులో బుక్ ఫెయిర్‌కి వెళ్తే, స్టేడియం గేటు దగ్గరున్న నాలుగు స్టాళ్లు చూసి, ఎవరికీ తెలియనివ్వకుండా గోడకి ఆనుకుని, "ఈసారి పెద్దగా ఏం లేవు" అని వెనక్కొచ్చేసేదాన్ని. కర్రతో వెళ్లిన మొదటి ఏడాది మూడు వరసలు తిరిగాను. కూచోడానికి ఒక ప్రచురణకర్త స్టూలిచ్చాడు. పాత పుస్తకాల దగ్గర గంట గడిపాను. మరి ఏది పాజిటివ్? గోడకి ఆనుకుని నవ్వడమా, కర్ర పట్టుకుని మూడో వరసదాకా వెళ్లడమా?

అమెరికన్ వ్యాసకర్త నాన్సీ మేర్స్‌కి కూడా ఎమ్మెస్. తన గురించి సున్నితమైన పదాలు వద్దని, 'కుంటిదాన్ని' అనే అర్థం వచ్చే మోటుమాటే ఎంచుకుని, ఆ పేరుతోనే వ్యాసం రాసింది. మొదటిసారి చదివినప్పుడు ఆ మాట నాకు గుచ్చుకుంది. కర్ర కొన్నాక అర్థమైంది. ఉన్నదాన్ని ఉన్న పేరుతో పిలిస్తేనే దాంతో ఏం చెయ్యాలో ఆలోచించగలం.

ఇదంతా చదివి, ఉత్సాహమే పనికిరాదంటోంది ఈవిడ అనుకోకండి. నవ్వితే నాకూ బాగుంటుంది. దిగులు పట్టుకుంటే ఇంట్లో అందరూ దాని కింద నలుగుతారు, నాకు తెలుసు. ఇంకో సంగతి కూడా ఉంది. ఎమ్మెస్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ ఎక్కువ. అందులో కొంత మెదడులో జరిగే మార్పుల వల్లే కావచ్చు. నాకు 2020లో వచ్చింది. పాజిటివ్‌గా ఉండే కార్యక్రమం అప్పుడు నన్ను మళ్లీ ముంచబోయింది, దిగులుగా ఉన్నానని ఒప్పుకుంటే ఓడిపోయినట్టని. మెట్ల లెక్కలాగే దాన్నీ చెప్పాను. పొద్దున్న మంచం దిగడానికి ఎంతసేపు పడుతోందో చెప్పాను. సైకియాట్రిస్టు మందు రాశారు, తగ్గింది. దిగులు కూడా ఒక లక్షణమే, గుణం కాదు. కాలు తిమ్మిరెక్కితే ఎలా చెప్పుకుంటామో అలాగే చెప్పుకోవాలి.

నాకెవరూ ఉల్లాసంగా ఉండాల్సిన బాకీ లేరు. నేనూ ఎవరికీ లేను. దగ్గరివాళ్లకి నేను బాకీ ఉన్నది ఒక్కటే, వాళ్లకి పనికొచ్చేలా చెప్పిన నిజం. ఎదురుపడి "బాగున్నారా?" అని అడిగే పక్కింటాయనకి అదీ అక్కర్లేదు. "బాగున్నానండీ" అంటాను. అది అబద్ధం కాదు, నమస్కారం లాంటిది.

ఆ అబ్బాయి దగ్గరికి మళ్లీ వెళ్లాను. వాడు ఆస్పత్రినుంచి ఇంటికొచ్చి అప్పటికి నాలుగు నెలలు. వాకర్ పట్టుకుని హాల్లో నడుస్తున్నాడు. ఈసారి చీరా లిప్‌స్టిక్కూ లేవు. "నీకు ఆ రోజు తప్పు చెప్పాను. నేను బాగుండటానికి కారణం నేను కాదు. నీకు దాడి రావడానికి కారణం నువ్వు కాదు. సారీ చెప్పాల్సింది నేను" అన్నాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. వాళ్లమ్మ మాత్రం కాస్త నొచ్చుకున్నట్టు చూసింది. ఆవిడకి పాత నేనే కావాలి. ఆవిణ్ణి తప్పుపట్టలేను.

"మరి నాకేమవుతుంది అక్కా?" అన్నాడు.

"తెలీదురా" అన్నాను. "నాకేమవుతుందో కూడా తెలీదు. ఇంజెక్షన్ వేసుకున్న రోజు జ్వరం ఎన్ని గంటలుంటోంది?"

"పదో, పన్నెండో."

"శుక్రవారం రాత్రి వేసుకో. శనివారం పడుకో. డాక్టరుని అడిగి జ్వరం మాత్ర ముందే వేసుకో. పడట్లేదంటే వేరే మందులున్నాయి, అడుగు. అడగడం నెగటివ్ కాదు."

వాడు ఫోన్‌లో రాసుకున్నాడు. ఇప్పుడు కుడికాలు కొద్దిగా ఈడుస్తాడు, కర్రతో నడుస్తాడు, ఉద్యోగం చేస్తున్నాడు. అప్పుడప్పుడూ ఏ మాటా లేకుండా ఒక అంకె మెసేజ్ పెడతాడు. మెట్లు కాదు, వాడి లెక్క వేరే. ఆఫీసు పార్కింగ్‌నుంచి కుర్చీదాకా ఎన్నిసార్లు ఆగాడో.

నిన్న సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. అప్పుడే పైకొచ్చి, తలుపు తీసి, ఫ్యాను కింద కూచున్నాను.

"ఇవాళ ఎన్ని?"

"ఇరవై రెండు. మలుపు దగ్గర కాసేపు కూచున్నా."

"కూచుంటే కూచున్నావులే. మెట్లెక్కడికీ పోవు. ఏం వండుకున్నావు?"